నిలువుగా సాగే గ్రూప్: తప్పు తుపాకీదా, తూటాదా, చేతిదా?

ప్రశ్న: నేను విజయవాడలో ఉంటాను. ఎన్.సి.సి.లో పాయింట్ టూ టూ రైఫిల్‌తో మొదలైన ఇష్టం నన్ను 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చే) పోటీల దాకా తీసుకొచ్చింది. గత ఏడాది ఒక సీనియర్ షూటర్ దగ్గర, లైసెన్సు పనులన్నీ పూర్తిచేసుకుని, సుమారు 35 ఏళ్ళ నాటి జర్మన్ బోల్ట్ రైఫిల్ కొన్నాను. దానిది వాల్‌నట్ కర్ర స్టాక్ (దిమ్మ). దశాంశాల లెక్కలో 60 షాట్లకు 598 దగ్గరే ఆగిపోయాను. గ్రూపులు (టార్గెట్ మీద గుళ్ళు పడే గుంపులు) అడ్డంగా కన్నా నిలువుగా ఎక్కువ సాగుతున్నాయి, వానాకాలం మొదలయ్యాక మరీ ఎక్కువైంది. దొరికిన తూటాలే వాడుతున్నాను, ప్రస్తుతం మూడు కంపెనీలవి ఉన్నాయి. ప్రతి ప్రాక్టీసు తర్వాత బ్యారెల్‌ను బ్రష్‌తో బాగా తోముతాను. బ్యారెల్ నాలుగు అంగుళాలు కోయించమని ఒకరు, లోపల పాలిష్ పట్టించమని ఇంకొకరు, మూతికి ట్యూనర్ (బ్యారెల్ ఊపును సర్దే బరువు) కొనమని మరొకరు సలహా ఇస్తున్నారు. దేనితో మొదలుపెట్టాలి? (పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకుడు)

సమాధానం: ఈ మూడింటిలో దేనితోనూ మొదలుపెట్టకండి. కోసిన బ్యారెల్‌ను మళ్ళీ అతికించలేం, అరగదీసిన లోపలి గాళ్ళను (గుండును తిప్పే గాడులను) మళ్ళీ తేలేం. ట్యూనర్ సంగతి వేరు, అది చివర్లో ఆలోచించవలసిన వస్తువు. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. గ్రూప్ నిలువుగా సాగుతోందని గమనించి రాశారు. చాలామంది ‘గ్రూప్ పెద్దదవుతోంది’ అని ఊరుకుంటారు కాబట్టి వారికి ఏమని చెప్పాలో తోచదు. ఆకారం తెలిస్తే సగం రోగం తెలిసినట్టే.

ముందుగా 598 అంటే మిల్లీమీటర్లలో ఎంతో చూద్దాం. 50 మీటర్ల టార్గెట్‌లో పదో వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, మన గుండు వ్యాసం సుమారు 5.6. రంధ్రం అంచు గీతను తాకినా పది వస్తుంది గనుక, గుండు మధ్యబిందువు టార్గెట్ కేంద్రం నుంచి 8 మిల్లీమీటర్ల లోపల పడితే చాలు. దశాంశాల లెక్కలో అక్కడి నుంచి కేంద్రం వైపు ప్రతి 0.8 మిల్లీమీటరుకూ 0.1 పాయింటు పెరుగుతుంది. మీ సగటు షాట్ విలువ దాదాపు 9.97, అంటే మీ గుళ్ళు కేంద్రానికి సగటున 8 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ దూరంలో పడుతున్నాయి. 2012 లండన్ ఒలింపిక్స్ ప్రోన్ పోటీలో బెలారస్ షూటర్ సెర్గెయ్ మార్టినోవ్ క్వాలిఫికేషన్‌లో 60 షాట్లకు 60 పదులు కొట్టి 600 సాధించాడు, అప్పట్లో దశాంశాల లెక్క ఫైనల్‌కే ఉండేది. అదే పోటీలో మన జాయ్‌దీప్ కర్మాకర్ 1.9 పాయింట్ల తేడాతో కాంస్యం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచాడు. 1.9 పాయింట్లంటే ఈ కొలతలో 15 మిల్లీమీటర్లు, అదీ పోటీ మొత్తం మీద. ఈ ఆటలో మనం వెతికేది ఎంత చిన్న వస్తువో ఈ లెక్క చెబుతుంది.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. ఆ 8 మిల్లీమీటర్లలో తుపాకీ, తూటా కలిసి చేసే చెదురు కొంత, మీ శరీరం చేసే చెదురు కొంత ఉంటాయి. ఈ రెండూ మామూలు కూడికలా కలవవు. ఒక్కొక్కదాని వర్గాలను కూడి, వచ్చిన దానికి వర్గమూలం తీయాలి. ఉదాహరణకు, తుపాకీ వాటా సగటున 6 మిల్లీమీటర్లు, మీ వాటా 5 అనుకుంటే మొత్తం 7.8 అవుతుంది, అది సరిగ్గా మీ 598. తుపాకీ వాటాను 6 నుంచి 4కు తగ్గించగలిగితే, మీరు అదే మనిషిగా, అదే నైపుణ్యంతో ఉన్నా మొత్తం 6.4కు దిగుతుంది. షాటుకు దాదాపు 0.17 చొప్పున లాభం, 60 షాట్లకు పది పాయింట్లు. అయితే తుపాకీ వాటా ఇప్పటికే 3 అయి, మీ వాటా 7 అయితే, ఎంత ఖర్చుపెట్టి తుపాకీని బాగుచేయించినా నాలుగైదు పాయింట్లకు మించి కదలదు. మీరు ఈ రెండు పరిస్థితుల్లో దేనిలో ఉన్నారో తెలియకుండా సలహా ఇచ్చేవారందరూ, నాడి పట్టకుండా మందు రాసే వైద్యుల వంటివారు.

కాబట్టి మొదటి పని కొలత. గాలి లేని ఒక తెల్లవారుజామున రేంజ్ అధికారి అనుమతి తీసుకుని, బల్ల మీద ముందు ఇసుక సంచి, స్టాక్ వెనుక చివర కింద చిన్న సంచి పెట్టి, రైఫిల్ సంచులపై ప్రతిసారీ ఒకే చోట ఆనేలా చూసి కాల్చండి. మూడు షాట్లు కాల్చి, అవి ఒకే రంధ్రంలా కనబడగానే సంబరపడిపోవడం మనవాళ్ళందరికీ ఉన్న బలహీనత. నాకూ ఉండేది. ఒకే తుపాకీ, ఒకే తూటాతో మూడు షాట్ల గ్రూప్ సగటున 12 మిల్లీమీటర్లు వస్తుంటే, పది షాట్ల గ్రూప్ సగటున 19 వస్తుంది. తుపాకీ చెడిపోయి కాదు, లెక్క స్వభావమే అంత. అందుకే ఒకే విడతలో తయారైన ఒక్కో తూటా లాట్‌కు పది షాట్ల చొప్పున నాలుగు టార్గెట్లు కాల్చి, నాలుగింటి సగటు రాసుకోండి. కాగితం మీదైతే దూరంగా ఉన్న రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య కొలిచి, ఒక రంధ్రం వెడల్పు తీసేయండి. ఎలక్ట్రానిక్ టార్గెట్ ఉంటే ఇంకా మంచిది, ప్రతి షాట్ అడ్డం కొలతా నిలువు కొలతా అంకెల్లో దొరుకుతాయి, వాటిని విడివిడిగా చూడవచ్చు. పది షాట్ల గ్రూప్ సగటు 12 ప్రాంతంలో ఉంటే తుపాకీ వాటా 4 కింద లెక్క. 18 దాటితే 6 కింద లెక్క.

ఈ పరీక్షకు వెళ్ళేముందే సరిచూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మొదటిది స్క్రూలు. స్టాక్‌ను యాక్షన్‌కు (బోల్ట్ కదిలే ఇనుప భాగానికి) పట్టి ఉంచే రెండు స్క్రూలు చేతి అంచనాతో బిగించినవైతే, వానాకాలంలో కర్ర ఉబ్బినప్పుడు ఒక బిగువు, వేసవిలో ఎండినప్పుడు మరొక బిగువు అవుతాయి. తయారీదారు పుస్తకంలో చెప్పిన బిగువును టార్క్ రెంచ్‌తో పెట్టండి. పుస్తకం లేకపోతే ఈ తరహా మ్యాచ్ రైఫిళ్ళకు 5 న్యూటన్ మీటర్ల ప్రాంతంలో మొదలుపెట్టడం మామూలు. రెండు స్క్రూలకూ ఒకే బిగువు, ప్రతిసారీ అదే బిగువు ఉండాలి. ఆ తరువాత వెనుక సైట్, ముందు సైట్ సొరంగం రెండింటినీ వేళ్ళతో పట్టి కదిపి చూడండి. కంటికి కనబడని సందు కూడా వేలికి తెలుస్తుంది.

విజయవాడ గాలిలో తేమ ఎంతో మీకు చెప్పనక్కరలేదు. వాల్‌నట్ కర్ర ఆ తేమ పీల్చి ఉబ్బి, ముందు భాగంలో బ్యారెల్‌ను ఒక పక్క తాకడం మొదలుపెట్టి ఉండవచ్చు. పది రూపాయల నోటును మడవకుండా బ్యారెల్‌కూ స్టాక్‌కూ మధ్య దూర్చి, స్టాక్ చివరి నుంచి యాక్షన్ దాకా జరపండి. ఎక్కడైనా పట్టుకుంటే ఆ చోటు గుర్తుపెట్టుకోండి. కొన్ని పాత రైఫిళ్ళలో బ్యారెల్ కింద ఒత్తిడి మెత్త కావాలనే పెడతారు, అది పట్టిందని ఉలితో గీకకూడదు. వేసవిలో నోటు స్వేచ్ఛగా జారి, ఇప్పుడు పట్టుకుంటుంటే మాత్రం కారణం తేమే. ఆ చోటు రవ్వంత తీయించి, తీసిన చోట కర్రకు తేమ ఎక్కకుండా నూనె పూత వేయించాలి. మీరు చెప్పిన ‘వానాకాలం మొదలయ్యాక మరీ’ అన్న మాటకు నా మొదటి అనుమానం ఇదే.

రెండో అనుమానం బోల్ట్ మీద, అంటే తూటాను లోపల మూసి పట్టే, ఫైరింగ్ పిన్ ఉండే కదిలే భాగం మీద. దాని గురించి కొంచెం వివరంగా చెబుతాను. 1887 నుంచి వాడుకలో ఉన్న మన .22 లాంగ్ రైఫిల్ తూటాలో అంటించే మందు తూటా అడుగు మధ్యలో కాక, చుట్టూ ఉన్న పలుచని అంచు మడతలో ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఆ అంచును నొక్కి చితకగొడితేనే మందు అంటుకుంటుంది. పిన్ ప్రతిసారీ ఒకే బలంతో కొట్టకపోతే మందు ఒకే తీరుగా అంటుకోదు, గుండు వేగం షాటుకూ షాటుకూ మారుతుంది. వేగం మారితే ఏమవుతుందంటే, సెకనుకు 325 మీటర్ల వేగంతో బయలుదేరిన గుండు 50 మీటర్లు చేరడానికి సుమారు 0.16 సెకన్లు తీసుకుంటుంది. ఆ కాసేపట్లో భూమి దాన్ని 12, 13 సెంటీమీటర్లు కిందికి లాగుతుంది. వేగంలో 10 మీటర్ల తేడా వస్తే ఆ లాగుడులో 8 మిల్లీమీటర్ల తేడా వస్తుంది, అది పూర్తిగా నిలువు తేడా. ఒక్క వేగం తేడాతోనే పది నుంచి తొమ్మిదికి పడిపోవచ్చు.

కొన్నేళ్ళ కిందట నేనూ ఒక పాత రైఫిల్ కొని, డిసెంబరు ఉదయాల్లో మొదటి అరగంట షాట్లు కిందికి జారుతుంటే, తూటాల లాట్లు మార్చి మార్చి ఒక సీజనంతా పోగొట్టుకున్నాను. చివరికి ఒక ముసలి ఆర్మరర్ (తుపాకులు బాగుచేసేవాడు) బోల్ట్ విప్పి, లోపలి స్ప్రింగును నా అరచేతిలో పెట్టాడు. దాని చుట్ల మధ్య నూనె ఎండి, బెల్లం పాకం తీగ సాగినట్టు సాగుతోంది. ఆ జిగురు చలిలో గట్టిపడి పిన్‌ను వెనక్కి పట్టి ఉంచేది. రెండు చుక్కల నూనె మంచిదైతే ఇరవై చుక్కలు ఇంకా మంచివని అనుకున్న పాత యజమాని ప్రేమ అది. మీ తుపాకీ వయసు 35 ఏళ్ళు, స్ప్రింగు ఎప్పుడైనా మార్చారో లేదో అమ్మినవారిని అడగండి. మార్చకపోతే తయారీదారు స్ప్రింగే తెప్పించి వేయించండి, పాతదాన్ని సాగదీసి బలం తెప్పించే ప్రయత్నం వద్దు. బోల్ట్ లోపల జిడ్డంతా కడిగించి, పొర కూడా కనబడనంత పలుచగా తేలిక నూనె రాయించండి.

ఇంట్లో ఉండే చూసుకోదగిన ఒక గుర్తు చెబుతాను. ఒకే లాట్‌లోని పది కాల్చిన ఖాళీ తొడుగులను బల్ల మీద వరసగా, పిన్ గుర్తులు పైకి వచ్చేలా నిలబెట్టి, పక్క నుంచి దీపం వెలుతురు పడేలా చూడండి. పది గుర్తులూ ఒకే లోతు, ఒకే ఆకారంలో, అంచు మీద ఒకే చోట ఉంటే బోల్ట్ మీద అనుమానం తగ్గుతుంది. కొన్ని లోతుగా, కొన్ని గోటితో తడిమినా తెలియనంత పైపైన ఉంటే, తూటాల మీద ఇంకో రూపాయి పెట్టకముందే బోల్ట్‌ను ఆర్మరర్ దగ్గరకు తీసుకెళ్ళండి.

ఇక బ్రష్ విషయం. ప్రతి ప్రాక్టీసు తర్వాత తోమడం శుభ్రత మీద ఉన్న శ్రద్ధే అయినా, ఈ తుపాకీకి అది మేలు చేయడం లేదు. రాగి తొడుగు వేసిన గుళ్ళు కాల్చే పెద్ద రైఫిల్ అలవాట్లను ధ్వని వేగానికి కాస్త దిగువన పోయే సీసపు గుండుకు తెచ్చిపెట్టుకున్నాం. సీసం మీద ఉన్న మైనపు పూతే బ్యారెల్ లోపల ఒక పలుచని పొరగా పరచుకుంటుంది, ఆ పొర కుదిరిన తరువాతే గుళ్ళు ఒకచోట చేరతాయి. దాన్ని ప్రతిసారీ తోమేస్తే, తరువాతి ప్రాక్టీసులో మొదటి పది పదిహేను షాట్లు మళ్ళీ పొర కుదుర్చుకోవడానికే పోతాయి. మీ పాత స్కోరు కాగితాల్లో మొదటి పది షాట్ల సిరీస్, మిగతా అయిదు సిరీస్‌ల కన్నా తక్కువగా ఉంటోందేమో చూడండి. ఉంటే, బ్రష్‌కు ఆ తప్పు అంటగట్టవచ్చు. అంతకన్నా పెద్ద ప్రమాదం కడ్డీ వంగి, మూతి అంచైన క్రౌన్‌నో తూటా కూర్చునే ఛాంబర్ ముందున్న గాళ్ళ మొదలునో రాయడం. ప్లాస్టిక్ పూత ఉన్న ఒకే ముక్క కడ్డీతో, బోల్ట్ తీసిన వైపు నుంచి, గైడ్ పెట్టి, ఫెల్ట్ ముక్కలు నెట్టండి. సాల్వెంట్ తడి ముక్కలు రెండు మూడు, పొడివి రెండు మూడు చాలు. ఛాంబర్ ముందు భాగంలో కొన్ని వేల షాట్ల తరువాత గట్టి మసి వలయం ఒకటి కడుతుంది, అది మాత్రం మామూలు ముక్కలకు పోదు. 35 ఏళ్ళ తుపాకీ గనుక ఆర్మరర్ చేత బ్యారెల్ లోపలికి చూసే బోర్‌స్కోప్‌తో ఒకసారి చూపించి, ఉంటే అతని చేతనే తీయించండి.

క్రౌన్ చూడడం తేలిక. ఛాంబర్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, బోల్ట్ బయటకు తీసి, మూతి అంచును భూతద్దంతో పరిశీలించండి. షాట్ల తరువాత మూతి చుట్టూ మైనం, మసి కలిసి పువ్వు రేకుల్లా అచ్చు పడుతుంది. రేకులన్నీ సమానంగా ఉంటే క్రౌన్ బాగున్నట్టు. ఒక పక్క రేకు చెదిరితే, చెవులు శుభ్రం చేసుకునే దూది పుల్లను ఆ అంచు మీదుగా లోపలి నుంచి బయటకు లాగండి. దూది పోగు చిక్కుకున్న చోటే గాయం. అప్పుడు లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ ఆ అంచును కొత్తగా తీర్చిదిద్దుతాడు, పోయేది మిల్లీమీటరో రెండో.

నాలుగు అంగుళాలు కోయడం వేరే సంగతి. మొదట చట్టం మాట: ఆయుధ చట్టం, 1959 ఆరో సెక్షన్ ప్రకారం తగిన లైసెన్సు లేకుండా తుపాకీ బ్యారెల్‌ను కురచ చేయడం నేరం. తుపాకీ మీదే అయినా, ఆక్సా బ్లేడు మీదే అయినా అంతే. ఇక ఆట మాట: ఈ చిన్న తూటాలో మందు తక్కువ, దాని తోపు బ్యారెల్ మొదటి పదహారు అంగుళాల్లోనే దాదాపు అయిపోతుంది కాబట్టి వేగం విషయంలో పోయేదేమీ లేదు. కానీ ముందు సైట్ అన్ని అంగుళాలు కంటికి దగ్గరై, గురిలో చేసే తప్పు అంతే మేర పెద్దదవుతుంది. అందుకే కురచ బ్యారెల్ వాడే అంతర్జాతీయ షూటర్లు దాని చివర ఖాళీ గొట్టం తొడిగి ముందు సైట్‌ను మళ్ళీ దూరం జరుపుతారు. కోయమన్నవారు ఆ గొట్టం సంగతి చెప్పడం మరిచినట్టున్నారు. పాలిష్ సంగతి ఇంకా సులువు. మంచి మ్యాచ్ బ్యారెల్ ఫ్యాక్టరీ నుంచే ఆ పని పూర్తిచేసుకుని వస్తుంది, 35 ఏళ్ళుగా మెత్తటి సీసమే తిరిగిన లోపలికి మళ్ళీ ఇసుక పేస్టు పట్టించడం వల్ల గాళ్ళ అంచులు మొద్దుబారడమే మిగులుతుంది.

ఇవన్నీ చూసుకున్నాక తూటాలు. మీ ప్రశ్నకు ఒకే వాక్యంలో జవాబు చెప్పమంటే ‘మీ బ్యారెల్‌కు నచ్చిన లాట్‌ను వెతకండి’ అంటాను. మూడు కంపెనీల తూటాలను దొరికినట్టు మార్చి మార్చి కాల్చడం మీరు ఇప్పుడు చేస్తున్న వాటిలో అన్నింటికన్నా ఖరీదైన పొరపాటు. ఒక్కో కంపెనీ మైనం ఒక్కో రకం, కాబట్టి ఒకదాని నుంచి ఇంకొకదానికి మారిన ప్రతిసారీ బ్యారెల్ లోపలి పొర కొత్తగా కుదరాలి. పరీక్షలో కూడా కంపెనీ మారినప్పుడల్లా పదిహేను షాట్లు లెక్కలోకి తీసుకోకుండా వదిలేయండి. పెట్టె మీద పేరు కన్నా ముఖ్యమైనది పక్కనో మూత మీదో అచ్చువేసిన లాట్ నంబరు. ఒకే పేరు, ఒకే ధర ఉన్న రెండు లాట్లలో ఒకటి మీ బ్యారెల్‌లో 13 మిల్లీమీటర్లకూ, రెండోది 20కీ చేరవచ్చు. రెండోది చెడ్డదని కాదు, పక్క లేన్‌లోని మిత్రుడి బ్యారెల్‌లో అదే రాణించవచ్చు. ఈ కారణంగానే ఈలీ, లాపువా వంటి తయారీదారులు షూటర్లు తమ తుపాకీ తెచ్చుకుని లాట్లు పరీక్షించుకునే టెస్ట్ రేంజ్‌లు నడుపుతున్నారు. మనకు అంత దూరం వెళ్ళే వీలుండదు, దిగుమతి, కోటా, లైసెన్సులో రాసిన సంఖ్య వంటి హద్దులు వేరే ఉంటాయి. మీ రేంజ్‌లో నలుగురు కలిసి తలా రెండు పెట్టెల చొప్పున వేర్వేరు లాట్లు తెచ్చుకుంటే, ఎవరి లైసెన్సు హద్దుల్లో వారుండి, కోచ్ పర్యవేక్షణలో పరీక్ష పంచుకోవచ్చు. కుదిరిన లాట్‌ను వీలైనంత ఎక్కువగా తీసి పెట్టుకోండి. పోటీలకు అది, స్లింగ్ (చేతికి కట్టే పట్టీ), భంగిమల సాధనకు మధ్యస్థమైనది అని విడదీసుకుంటే ఖర్చు కూడా అదుపులో ఉంటుంది.

పెట్టె మీద ‘హై వెలాసిటీ’ అని ఉంటే టార్గెట్ పనికి తీసుకోకండి. ధ్వని వేగం దాటి బయలుదేరి, దారిలో ఆ వేగం కిందికి దిగే గుండును పక్కగాలి, నెమ్మదిగా పోయే మ్యాచ్ గుండు కన్నా ఎక్కువ పక్కకు నెడుతుంది. వినడానికి వింతగా ఉన్నా, గాలి ప్రభావం ప్రయాణకాలంతో కాక, గుండు దారిలో ఎంత వేగం పోగొట్టుకుందన్న దానితో ముడిపడి ఉంటుంది. ఇంకో మాట, తూటాల పెట్టెను మధ్యాహ్నం కారు డిక్కీలోనో, చాప పక్కన ఎండలోనో వదిలేయకండి. మైనం కరిగి ఒక పక్కకు చేరిన తూటాలు పెట్టెలో వేలికి అంటుకుంటూ ఉంటే, ఆ పెట్టెను సాధనకు మళ్ళించండి. ఛాంబర్‌లో పెట్టేటప్పుడు సీసపు ముక్కు దేనికీ గీసుకోకుండా ఒక్కొక్కటే చేత్తో జార్చండి. తూటాలను తూకం వేసి, అంచు మందం కొలిచి వేరుచేసే పనికి మంచి మ్యాచ్ తూటాలతో ఫలితం దాదాపు శూన్యం. ఆదివారం పొద్దుపోకపోతే చేసుకోవచ్చు.

గాలి గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మీకు నిలువుగా కనబడేది నిజానికి ఏటవాలుగా ఉండవచ్చు. సెకనుకు ఒక్క మీటరు పక్కగాలి, అంటే చెంపకు తగిలీ తగలనట్టుండే గాలి, 50 మీటర్ల దగ్గర గుండును సుమారు 6 మిల్లీమీటర్లు పక్కకు తోస్తుంది. మన బ్యారెల్ గాళ్ళు గుండును కుడివైపుకు తిప్పుతాయి గనుక, కుడి నుంచి వచ్చే గాలి గుండును ఎడమకూ కాస్త పైకీ, ఎడమ నుంచి వచ్చే గాలి కుడికీ కాస్త కిందికీ పంపుతుంది. గడియారంలో పదికీ నాలుగుకూ మధ్య గీత గీసినట్టు మీ గ్రూప్ సాగితే, అది బోల్ట్ కాదు, గాలే. నేను గాలి లేని తెల్లవారుజాము అన్నది ఇందుకే.

బల్ల మీద పరీక్ష పూర్తయి, మంచి లాట్ కుదిరాక, అదే రోజు అదే లాట్‌తో స్లింగ్ వేసుకుని ప్రోన్‌లో నాలుగు పదుల షాట్లు కాల్చండి. బల్ల మీద 13, స్లింగ్‌లో 24 వస్తే ఇక తుపాకీని వదిలేయండి. ప్రోన్‌లో ఊపిరి పీల్చి వదిలినప్పుడు మూతి కదిలేది నిలువుగానే. ప్రతి షాట్‌నూ ఊపిరి వదిలే ఒకే దశలో ఆపి కాలుస్తున్నారా, స్లింగ్ చేతి మీద షాటుకు రవ్వంత కిందికి జారుతోందా, ఎడమ మోచేయి ప్రతి సిరీస్‌కూ కొత్త చోట పడుతోందా అన్నవి మీ కోచ్ పక్క నుంచి చూసి చెప్పగలడు. కళ్ళు మూసుకుని రెండు మూడు శ్వాసలు తీసుకుని తెరవండి. టార్గెట్ ముందు సైట్ వలయం మధ్యలోనే ఉంటే శరీరం కుదిరినట్టు. పైనో కిందో ఉంటే చేతితో లాగి సరిచేయకుండా, నడుమునూ కాళ్ళనూ ముందుకో వెనక్కో జరిపి సరిచేసుకోండి. ట్రిగ్గర్ నొక్కాక గుండు బ్యారెల్ దాటడానికి పట్టే కొన్ని మిల్లీసెకన్లలో మీరు భుజం సడలించినా అది కాగితం మీద కనబడుతుంది, కాబట్టి షాట్ పేలాక కూడా ఒకటి, రెండు అని లెక్కపెట్టేదాకా సైట్‌లోంచి చూపు తీయకండి. ఒట్టి ట్రిగ్గర్ సాధన చేసేటప్పుడు ఖాళీ ఛాంబర్ మీద పిన్ కొట్టనివ్వకండి. రిమ్‌ఫైర్‌లో ఆ పిన్ నేరుగా ఛాంబర్ అంచుకే తగిలి దాన్ని నొక్కేయవచ్చు, కాల్చిన ఖాళీ తొడుగునో డ్రై ఫైర్ ఏర్పాటునో వాడాలి.

ముందు సైట్ వలయం ఎంత పెట్టారో మీరు రాయలేదు. చాలామంది కొత్తవారు నల్లచుక్కను గట్టిగా బిగించి చూపే చిన్న వలయం పెట్టుకుంటారు. నల్లచుక్క చుట్టూ తెలుపు సన్నని గీతగా మిగిలితే, ఆ గీత ఏ పక్క సన్నబడిందో కంటికి తెలియదు, పైగా మబ్బు పట్టి విడిచినప్పుడు షాట్లు పైకీ కిందికీ పోతాయి. వానాకాలంలో మీ నిలువు సాగుడుకు ఇది కూడా ఒక వాటా కావచ్చు. 3.4 మిల్లీమీటర్ల వలయం పెట్టి ఉంటే 3.8, 4.0 ప్రయత్నించండి. మొదటి రెండు రోజులు వదులుగా, ఈదుతున్నట్టు అనిపిస్తుంది, ఆ తరువాత కన్ను తెల్లటి వలయాన్ని దానంతటదే సమంగా పంచుకోవడం అలవాటు చేసుకుంటుంది.

ట్యూనర్ గురించి చివరిమాట: అది బ్యారెల్ మూతి ఊగే తీరును మార్చి, నెమ్మది గుండూ వేగపు గుండూ దాదాపు ఒకే ఎత్తులో పడేలా చేయగలదు, అందుకే నిలువు చెదురుకు దాన్ని సూచించి ఉంటారు. కానీ దాని ప్రతి స్థానాన్నీ పది షాట్ల గ్రూపులతో పరీక్షించాలంటే వందల తూటాలు పోతాయి, లాట్ మారగానే ఆ పరీక్ష మళ్ళీ మొదటికి వస్తుంది. పైగా దాని బరువుతో కలిపి రైఫిల్ మొత్తం పోటీ నిబంధనల 8 కిలోలు దాటకూడదు. బోల్ట్, స్క్రూలు, కర్ర, లాట్ సరిచూసుకుని, బల్ల మీది పది షాట్ల సగటుతో మళ్ళీ ఉత్తరం రాయండి. అంకెలను అడ్డం కొలత వేరుగా, నిలువు కొలత వేరుగా రాయండి, అప్పుడు ట్యూనర్ కొనాలో అక్కర్లేదో చెబుతాను.